పెట్టుడు చీర చెప్పిన చాడీ

బీరువాలో మడత విప్పని పెట్టుడు చీర ఒక్కటైనా లేని ఇల్లు మన పాతబస్తీలో ఉంటే చెప్పండి, వెళ్లి చూసొద్దాం. ఒకరి గృహప్రవేశంలో వచ్చిన చీర ఇంకొకరి షష్టిపూర్తికి వెళుతుంది. అక్కడి నుంచి మరో ఇంటి ఆడబిడ్డ ఒడిలోకి చేరుతుంది. అది ఎక్కడ బయలుదేరిందో తెలిసినవాళ్లు కూడా తెలియనట్టే ఉంటారు. ఆ ఊరుకోవడం మీదే ఎన్ని చుట్టరికాలు చల్లగా నిలబడ్డాయో లెక్కలేదు. అలాంటి చీర ఒకదానికి ఒకనాడు నోరొచ్చింది. ఇది ఆ ముచ్చట.

యాకుత్‌పురా స్టేషను వెనక గల్లీలో కళావతమ్మ ఇల్లు. భర్త జగన్నాథం గుడిలో అర్చకత్వం చేస్తాడు. కోడలు మేధ పురానీ హవేలీ కోర్టులో జూనియర్ వకీలు. కూతురు తన్మయికి ఒడిబియ్యం పోసే రోజు దగ్గరపడిందని, శ్రావణమాసంలో ఒక మధ్యాహ్నం అత్తాకోడళ్లు మలక్‌పేటకు చీర కొనడానికి బయలుదేరారు.

కళావతమ్మ ఆ రోజు ఉల్లిపొర రంగు పట్టుచీర మొదటిసారి కట్టింది. ఆకుపచ్చ అంచు, ఆవగింజంత బుటా. జగన్నాథం షష్టిపూర్తికి మేధ తల్లి సావిత్రి పెట్టిన చీర అది. "నీ కోసం ఏరి ఏరి తెచ్చిన వదినా" అని సావిత్రి అన్న మాట కళావతమ్మకు నిన్న విన్నట్టే ఉంది. ఫాలు వేసేటప్పుడు అంచు లోపల వేలెడంత గుడ్డపేలిక కనబడితే, మిల్లువాళ్ల గుర్తేమో, పీకితే జరీ లేస్తుందని జాగ్రత్తగా ఫాలు కిందకి మడిచి కుట్టేసింది కూడా.

దుకాణం పేరు మనకెందుకు లెండి. అద్దాల తలుపులు, చల్లని గాలి, బయటికి పోయే దారిలో రెండు పక్కలా ఛాతీ ఎత్తు గేట్లు. తన్మయికి చిలకపచ్చ చీర కొని బయటికి వస్తుంటే ఆ గేట్లు కుయ్యిమని అరిచాయి.

"అమ్మా, జర ఇటు రండ్రి" అని కాపలా అమ్మాయి కళావతమ్మ రెట్ట పట్టుకుంది. చేతిసంచీ గాజుబల్ల మీద బోర్లించారు. కుంకుమభరిణె, తమలపాకులు, మోకాళ్ల నొప్పుల మాత్రలు, రైలు టికెట్టు అన్నీ నలుగురి కళ్ల ముందు దొర్లాయి. చేతిమిషను ఒకటి ఆమె ఒంటి మీదుగా పైనుంచి కిందికి తిప్పారు. కుచ్చిళ్ల దగ్గరికి రాగానే అది కూసింది. కొనుక్కోవడానికి వచ్చిన ఆడవాళ్లు చీరలు వదిలేసి ఈమెను చూడసాగారు. దొంగ అన్న మాట ఎవరూ అనలేదు. అనకపోయినా అది ఆమె నెత్తిన కూర్చుంది.

మేనేజరు శ్రవణ్‌కుమార్ ఆ మిషను పట్టిన నంబరును కంప్యూటరులో చూసి అందరికీ వినబడేలా చదివాడు. "చీర మాదే. బిల్లు పురుషోత్తం పేరు మీదున్నది, మాదన్నపేట. మీ పేరేంది?"

"కళావతి. యాకుత్‌పురా."

"మరి పురుషోత్తం కొన్న చీర మీ దగ్గరికి ఎట్లొచ్చింది?"

"పెట్టిన్రు నాయనా. చీర పెడ్తరు గద."

"గట్ల ఊకే అంటే కాదమ్మా, తేల్చుకోవాలె." అడిగేలోపే అతడు బిల్లు మీది నంబరుకు ఫోను చేసి, స్పీకరు పెట్టాడు.

"ఉల్లిపొర రంగుదా?" అంది అవతలి గొంతు. "అది మా ఆవిడ మా గృహప్రవేశానికి సావిత్రమ్మకు పెట్టింది. ఏంది భాయ్, ఏమైంది?"

సావిత్రమ్మ. ఆ పేరు దుకాణమంతా వినబడింది. మేధ ముఖం వాడిపోయింది. ఏరి ఏరి తెచ్చానన్న అమ్మ, ఎవరో పెట్టిన చీరను అత్తగారికి పెట్టిందన్నమాట. కోర్టులో ఎవరికీ తగ్గని పిల్ల తల దించుకుని చెప్పుల వైపు చూస్తూ నిలబడింది.

కళావతమ్మ కోడలి వైపు చూసింది. అప్పటిదాకా తనను దొంగలా నిలబెట్టారనే బాధ ఉంది. ఇప్పుడు అది పోయి కోపం వచ్చింది. తిన్నగా వెళ్లి, చీరలు పరిచే తెల్లపరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

"మీ సేటును పిల్వు."

"అమ్మా, లొల్లి చెయ్యకుండ్రి. సావిత్రమ్మకు కూడ ఒక్క ఫోన్ చేస్తే అయిపోతది."

"చేస్తే ఈ పరుపు నా ఇల్లనుకుంట. పొద్దుగూకితే దీపం గూడ ఈడ్నే పెడ్త."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ నవ్వు విని పై అంతస్తు నుంచి యజమాని నందకిశోర్ దిగివచ్చాడు.

"క్యా హువా మాతాజీ? ఫికర్ చెయ్యకుండ్రి, నేను చూస్త."

కళావతమ్మ అతడిని ఎగాదిగా చూసింది. "నువ్వు గిరిధర్ సేటు కొడుకువు గద. మీ బాపు సైకిలుకు మూట కట్టుకొని మా గల్లీకొచ్చేటోడు. మా అత్తమ్మ నీళ్లిచ్చేది. పక్కింటోళ్లు ఏం కొన్నరు సేటూ అంటే, 'చీర అమ్మిన, ముచ్చట అమ్మలే అమ్మా' అనేటోడు. అందుకే బీరువా ఖాళీ ఉన్నదని గూడ ఆయన ముందర చెప్పుకున్నం. నీ మిషనేమో మా వియ్యపురాలి ఇంటి ముచ్చటను బజార్ల పెట్టె. ఎవరడిగిన్రు దాన్ని?"

తండ్రి పేరు వినగానే నందకిశోర్ చేతులు కట్టుకున్నాడు. శ్రవణ్‌కుమార్ మాత్రం గొణిగాడు. "చీర అంచుకు కుట్టిన గుడ్డపేలికల చిప్ ఉంటది సార్. బిల్లు కొట్టినప్పుడు బంద్ చెయ్యాలె. ఆ రోజు మర్చి, గేటు కూసినా బిల్లు చూసి పంపినట్టున్నరు. గంతే."

చిప్పంటే మరేమీ కాదు. టోలుగేటు దగ్గర కారును ఆపకుండా గుర్తుపట్టడానికి అద్దానికి అంటిస్తారే, దాని చెల్లెలే ఇది. ముట్టుకోనక్కరలేదు, చూడనక్కరలేదు, గేటు దూరం నుంచే చదివేస్తుంది.

వెనక నుంచి మేధ గొంతు వినబడింది. అత్తగారు తన తల్లి పరువును నెత్తిన వేసుకుని మాట్లాడుతుంటే ఆ పిల్ల తల లేచింది.

"గంతే కాదు సార్. అనుమానముంటే పోలీసులను పిలవాలె గాని, ఇష్టం లేని మనిషిని సోదా చేసే అధికారం దుకాణానికి లేదు. బిల్లు కోసమని తీసుకున్న పేరు, నంబరు ఇట్ల పదిమందిల చదివెటందుకు ఇచ్చినవి కావు. దానికి చట్టం వచ్చింది. ఎవరి బతుకు ముచ్చట వాళ్లకే సొంతమని సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీలు కూసోని చెప్పిన్రు. మా అత్తమ్మకు ఇక్కడ్నే, అందరు చూస్తుండంగ మాఫీ అడగాలె. లేకుంటే నోటీసు నేనే రాస్త."

"శభాష్ బిడ్డా" అంది గాజులు బేరం చేసినంత గట్టిగా ఒక బురఖా ఆమె. "నా చీర గూడ జర చూపియ్యి సేట్, అండ్ల ఏం కూసున్నదో." ఇంకొకామె చున్నీ అంచు వెతుక్కుంది. చూస్తుండగానే కొన్న సంచులన్నీ గాజుబల్ల మీదికి తిరిగి వచ్చాయి. అన్నిటిలో గుడ్డపేలికలు దొరికాయి.

నందకిశోర్ కత్తెర తెప్పించాడు. కళావతమ్మ ముందు మోకాళ్ల మీద కూర్చుని, ఆమె పట్టి చూపిన అంచులో ఫాలు కుట్టు విప్పి, జరీ లేవకుండా పేలికను కత్తిరించి ఆమె అరచేతిలో పెట్టాడు. "మాఫ్ చెయ్యండ్రి అమ్మా. బాపు ఉంటే నన్ను కొట్టేటోడు" అన్నాడు. శ్రవణ్‌కుమార్ కూడా చేతులు జోడించాడు. ఆ వారమే దుకాణం వాకిట్లో తెలుగులో, ఉర్దూలో బోర్డు వెలిసింది: 'చిప్పు మీ కళ్ల ముందే తీసి ఇస్తాం. అమ్మాక మీ చీర ముచ్చట మాకు అక్కర లేదు.' యాకుత్‌పురా నుంచి, మాదన్నపేట నుంచి ఆడవాళ్లు బీరువాలు దులిపి, మూటలు కట్టుకుని మరీ వెళ్లి చిప్పులు తీయించుకొచ్చారు. అదొక జాతరలా సాగింది.

తన్మయి ఒడిబియ్యం రోజున కళావతమ్మ మళ్లీ అదే ఉల్లిపొర రంగు చీర కట్టింది. ఫోనులో సంగతి విన్న సావిత్రి గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"ఏంది వదినా గట్ల నిలబడ్డవ్? రా, ఏరి ఏరి తెచ్చిన చీర ఎట్లున్నదో చూడు."

సావిత్రి కళ్లు తుడుచుకుని నవ్వింది. "ఏరిన మాట నిజమే వదినా. బీరువా అంత తీసి కిందేసిన. నేను కట్టుకుందామని దాచిన చీర అది. నా కంటె నీకే మంచిగుంటదనిపించింది."

మేధ తల్లిని వాటేసుకుంది. చూశారా అమ్మలారా, మిషను బిల్లు చదివింది గాని, ఆ ఏరడాన్ని చదవలేకపోయింది. అందుకే ఏ సరుకు కొన్నా, అండ్ల చిప్పుందా, దాన్ని తీసి ఇస్తారా, నా పేరు దేనికి రాసుకుంటున్నారు అని నిలబడి అడగండి. మొహమాటపడకండి. చీర మనదైనప్పుడు దాని ముచ్చట కూడా మనదే.