టేపుకు టికెట్

మా గంగమణికి నాలుగేళ్లు వచ్చేదాకా తండ్రి అంటే టేపు రికార్డరే.

అది కడుపులో ఉండగానే మా ఆయన దుబాయ్ పోయాడు. మా దిక్కున అన్నీ దుబాయే గానీ, ఆయన ఉన్నది అజ్మాన్‌లో. ఒక అరబ్బు ఇంట్లో కారు నడిపేవాడు. అప్పట్లో మా ఊళ్లో ఫోను లేదు. నాకా, ఉత్తరం చదవడం రాదు. పోస్టుమ్యాన్‌తో చదివించుకోవచ్చు, కానీ మొగుడి మాటలు ఇంకో మగవాడి నోట వినాలంటే సిగ్గు. అందుకని ఆయన ఒక టేపు రికార్డరు పంపాడు. ఊరికి వచ్చేవాళ్ల చేతికి క్యాసెట్లు ఇచ్చి పంపేవాడు. సాయంత్రం గిన్నెలు తోముకున్నాక దాన్ని పీట మీద పెట్టి మీట నొక్కితే, "మణీ, మంచిగున్నవా బిడ్డా" అని మొదలయ్యేది. "గదే, నీ బాపు మాట్లాడుతుండు" అని నేను చూపించేదాన్ని. ఫోటో కూడా ఉంది గానీ, ఫోటో మాట్లాడదు కదా. పిల్ల మాట్లాడేదాన్నే నమ్మింది.

చలికాలం టేపుకు తువ్వాల కప్పేది. అన్నం తింటూ ఒక ముద్ద దాని ముందు పెట్టేది. చీమలు పట్టాయని నేను తిడితే, "బాపు తిన్నంక తీస్త" అనేది. ఒక క్యాసెట్లో ఆయన, "మన ఎర్రమేక ఈనిందా? ఏం పిల్ల పుట్టింది?" అని అడిగి కాసేపు ఆగుతాడు. ఆ ఆగిన చోట ఇది ప్రతిసారీ జవాబు చెప్పేది. "ఈనింది బాపూ. తెల్లపిల్ల." టేపు ఆ జవాబు పట్టించుకోకుండా, ఈసారి వానలు పడ్డాయా అని అడిగేది. "బాపు నా మాట అస్సలు ఇనడవ్వా" అని నాతో చెప్పి మూతి ముడుచుకుని పడుకున్న రోజులు ఎన్నో.

ఎనభై ఆరులో కఫీల్, అంటే ఆ అరబ్బు యజమాని, నీ బిడ్డను నువ్వు చూడనే లేదట కదా అని జాలిపడి మాకు రెండు నెలల వీసా తీయించాడు. బాపు లేనిదే ఇమానం ఎక్కనని గంగమణి భీష్మించుకుంది. సరేనని టేపును దుప్పట్లో చుట్టి ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాను. అక్కడి ఎయిర్‌పోర్టులో మూట విప్పి చూసినవాళ్లు నవ్వారు. దుబాయ్ నుంచి అందరూ టేపులు మోసుకుపోతారు, దుబాయ్‌కి టేపు మోసుకొచ్చింది మేమేనట.

బయట మా ఆయన రెండు చేతులూ చాపి నిలబడ్డాడు. పిల్ల నా కొంగు చాటుకు పోయింది. టేపులో గొంతు సన్నగా, ముక్కుతో మాట్లాడినట్టు ఉంటుంది. మనిషి గొంతు బొంగురు. రెండూ ఒకటేనంటే అది ఎట్లా నమ్ముతుంది?

ఆయన్ను 'దుబాయాయన' అని పేరు పెట్టింది. "గీ దుబాయాయన ఇంట్ల ఇంకా ఎన్ని దినాలుంటమవ్వా?" అని ఆయన ముందరే అడిగేది. గౌన్లు తెచ్చాడు, చాక్లెట్లు తెచ్చాడు. తీసుకుని టేపుకు చూపించేది. ఆయన ముట్టుకోబోతే టేపు వెనక దాక్కునేది. మేం తిరిగిపోయే వారం దగ్గరపడింది. ఒకరోజు పొద్దున షూ లేసులు కట్టుకుంటూ ఆయన నాతో అన్నాడు. "ఒక్కపారి బాపూ అంటే సాలనుకున్న. పోయెదాక అనదేమోనే లక్ష్మీ." నేను చాయ గ్లాసు ఆయన చేతిలో పెట్టాను.

పక్క గదిలో రహమతుల్లా, ఆయన భార్య అక్తర్ బీ ఉండేవాళ్లు. మా బోధన్ వాళ్లే. రహమతుల్లాకు పికప్పు బండి ఉంది. "శుక్రవారం అల్ ఐన్ పోదం, హన్మాండ్లు భాయ్. ఆడ ఆటల పార్కు ఉన్నదంట. పోరి ఖుషీ అయితది" అన్నాడు మా ఆయనతో. నేను పులిహోర కలిపాను, అక్తర్ బీ రొట్టెలు చేసింది. నలుగురం పెద్దవాళ్లం, పిల్ల, టేపు కలిసి బయలుదేరాం. దారంతా ఇసుకే. పార్కులోకి అడుగుపెడితే పచ్చటి గడ్డి. నేను చెప్పులు విప్పి నడిచాను. రంగుల రాట్నాలు, కప్పు సాసర్ల లాంటివి గిరగిరా తిరిగేవి, ఆకాశానికి లేచే ఊయలలు. అక్తర్ బీ ఒక ఊయల ఎక్కి, దిగాక గడ్డి మీద కూర్చుని ఎంతకీ లేవలేదు. "కడుపుల రొట్టె కూడ తిరుగుతుంది" అంది.

గంగమణి వేటికీ రానంది. చిన్న రైలు చూసి మాత్రం ఆగింది. "బాపు ఎన్నడు రైలెక్కలె, మనం ఎక్కిద్దం" అంది. టేపు గురించి అంటోంది. మా ఆయన ముఖం చిన్నబోయింది గానీ, పోయి టికెట్ల వరసలో నిలబడ్డాడు.

రైలు దగ్గర ఒక పఠాన్, ఇంత మీసం. పిల్ల చేతిలో టేపు చూసి అది లోపలికి రాదన్నాడు. గంగమణి దాన్ని గట్టిగా వాటేసుకుంది.

"ఇస్‌మే ఇస్కా బాప్ హై, ఖాన్ సాబ్" అన్నాడు మా ఆయన, ఇందులో దీని తండ్రి ఉన్నాడని.

"తో తుమ్ కౌన్?" అని అడిగాడు పఠాన్. మరి నువ్వెవరివి అని.

మా ఆయన నావైపు చూశాడు. రహమతుల్లా ఊరుకుంటాడా? "ఈయన డ్రైవరు, ఖాన్ సాబ్. బాప్‌కు టికెట్ కొట్టండి, డ్రైవర్ ఊరికే వస్తడు" అన్నాడు హిందీలో. వరసలో ఉన్నవాళ్లంతా నవ్వారు. మా ఆయన నవ్వలేదు. వెనక్కి పోయి ఇంకో టికెట్ తీసుకొచ్చి పఠాన్ చేతిలో పెట్టాడు. పఠాన్ ఒకసారి టికెట్‌ను, ఒకసారి పిల్లను చూసి గొలుసు తీశాడు.

ఒకటే బెంచీ మీద నేను ఈ చివర, పక్కన పిల్ల, దాని పక్కన టేపు, ఆ చివర మా ఆయన. పిల్ల ఆయన పక్కకు అంత దగ్గరగా రావడం అదే మొదలు. మధ్యలో టేపు ఉంది కాబట్టి వచ్చింది.

రైలు కదిలింది. గంగమణి మీట నొక్కింది. "మణీ, మంచిగున్నవా బిడ్డా" అంది టేపు. పిల్ల దానికి ఒంటెల బొమ్మలు, నీళ్ల గుంట చూపిస్తోంది. ముందు ఒక గుహ, లోపల చీకటి. సరిగ్గా లోపలికి పోతుండగా టేపు మేక సంగతి ఎత్తుకుంది. "ఎర్రమేక ఈనిందా? ఏం పిల్ల..." అని సాగదీసి, గొంతు లావై, మూలిగినట్టయి ఆగిపోయింది. సెల్లులు అయిపోయినట్టున్నాయి.

"ఈనింది బాపూ. తెల్లపిల్ల" అంది గంగమణి చీకట్లోనే. అలవాటు కదా.

జవాబుగా వానల మాట రాలేదు. "తెల్లదా? మరి దానికి కొమ్ములొచ్చినయా?" అని వినిపించింది.

రేకుల గుహలో ఏ మాటైనా డబ్బాలోంచి వచ్చినట్టే ఉంటుంది. పిల్ల చేయి నా చేతిలో బిగుసుకుంది. మెల్లగా చెప్పింది. "జర్రంతొచ్చినయి."

"పొడుస్తదా?"

"నన్ను పొడవది. అవ్వను పొడుస్తది."

"అవ్వ ఏమంటది?"

"కోసుక తింటనంటది. ఉత్తగనే అంటది బాపూ, కొయ్యది."

"నువ్వేం పేరు పెట్టినవ్ దానికి?"

"మల్లె." ఊపిరి తీసుకుంది. "బాపూ, నా మాట ఇంటున్నవా?"

"ఇంటున్న బిడ్డా" అన్నాడు ఆయన.

అంతలో వెలుతురులోకి వచ్చాం. పిల్ల టేపు వైపు చూసింది. అందులో చక్రాలు తిరగడం లేదు. తలెత్తి ఆయన నోటి వైపు చూసింది. "ఇంక?" అన్నాడు ఆయన. పిల్ల ఆ పెదాల మీద వేలు పెట్టి చూసింది.

"ఎప్పుడు బయటికొచ్చినవ్?" అని అడిగింది.

"గిప్పుడే."

రైలు ఆగింది. పిల్ల ఆయన మెడ పట్టుకుని దిగింది. టేపు బెంచీ మీదే ఉండిపోయింది. పఠాన్ దాన్ని ఎత్తి చూపిస్తూ కేకేశాడు. గంగమణి వెనక్కి తిరిగి, "దాంట్ల ఎవ్వలు లేరు" అంది. ఆ మాట పఠాన్‌కు అర్థం కాలేదు. నేనే పోయి తెచ్చుకున్నాను. మంచి జపాన్ సరుకు, ఎట్లా వదిలేస్తాం?

గడ్డి మీద పులిహోర విప్పాం. పిల్ల ఆయన ఒళ్లో కూర్చుంది. ఇన్నేళ్లలో టేపు అడిగిన ప్రతి ప్రశ్నకూ మొదటి నుంచి జవాబులు చెప్పడం మొదలుపెట్టింది. వానలు పడ్డాయని, బావిలో నీళ్లు బాగా ఉన్నాయని, నాయినమ్మ కాలునొప్పి తగ్గిందని. ఆయన ముద్ద కలిపి పెడుతూ, ప్రతిదానికీ ఇంకో ప్రశ్న వేస్తున్నాడు. అక్తర్ బీ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

చివరికి పిల్ల అడిగింది. "మళ్ల లోపటికి పోతవా బాపూ?"

ఆయన నన్ను చూశాడు. నేను డబ్బా మూత కోసం వెతుకుతున్నాను.

"పోవాలె బిడ్డా. మీరు ఇమానం ఎక్కినంక పోతా."

పిల్ల నోట్లో ముద్ద నములుతూ ఆలోచించింది. "అయితే ఈసారి చెప్పి పో" అంది.

"చెప్పే పోతా" అన్నాడు.