డ్రై ఫోర్క్‌లో ఒక్కగానొక్క డెమొక్రాట్

డ్రై ఫోర్క్ ఓటర్ల జాబితాలో నలభై ఒక్క పేర్లుండేవి, ఒక్కో పేరు పక్కన వాళ్ళ పార్టీ. నలభై మంది రిపబ్లికన్లు, ఒక్కతె డెమొక్రాట్. ఆ ఒక్కతె, అల్మా ద్వొరాచెక్, ఏప్రిల్లో పోయింది. సమాధి దగ్గర ఊరంతా ఏడ్చింది గానీ, ఓటు సంగతి ఎవరికీ తట్టలేదు.

ఆగస్టులో, ఎన్నికలు నడిపే కౌంటీ క్లర్కు ట్వైలా రెన్నర్ వచ్చి, ఫైరింజను షెడ్డులో అందర్నీ కూర్చోబెట్టింది. ట్వైలా కూడా ఓట్లతో గెలిచిన మనిషే. ఎదురుగా కూర్చున్నవాళ్ళంతా ఆమెకు వేసినవాళ్ళే. అందుకే కాస్త నీళ్ళు నమిలింది.

"పోలింగు బల్ల దగ్గర రెండు పార్టీల వాళ్ళూ ఉండాలి. రూలు నేను పెట్టింది కాదు, నన్ను తిట్టకండి. కౌంటీ మొత్తమ్మీద డెమొక్రాట్లు తొమ్మిది మంది. వాళ్ళంతా వాళ్ళ వాళ్ళ చోట్ల కూర్చోవాల్సిన వాళ్ళే. శుక్రవారంలోగా మీలో ఒకరు పార్టీ మారితే సరే. లేదంటే ఇక్కడ ఓటు పెట్టె ఉండదు. హార్లో టౌనుకి వెళ్ళి వేసుకోవాలి."

హార్లో ముప్పయ్యెనిమిది మైళ్ళు.

"నేను మారితే మా ఆవిడ గుమ్మం తొక్కనివ్వదు," అన్నాడు డేల్ షుయెట్. పక్కవాడు, "మా నాన్న గోతిలోంచి లేచొచ్చి తంతాడు," అన్నాడు. కాసేపు పకపకా నవ్వుకున్నారు. నవ్వు అయిపోయాక ఒక్కొక్కరే వెర్లిన్ హౌగెన్ వంక చూశారు. ముప్పయ్యారేళ్ళుగా ఆ బల్ల దగ్గర అల్మాకి ఎదురు కుర్చీ వెర్లిన్‌దే మరి.

"నావంక చూడకండి," అని టోపీ పెట్టుకుని లేచిపోయాడతను.

వెర్లిన్‌కి డెబ్బై నాలుగేళ్ళు, మూడొందల ఆవులు. వాటిని మించి, ఆ ఊరి తరఫున రిపబ్లికన్ పార్టీ ప్రతినిధి. రెండేళ్ళకోసారి ఎన్నిక, పోటీ పడ్డ పాపాన ఎవరూ పోలేదు. అతనికి ముందు వాళ్ళ నాన్న. జీతం లేదు, బత్తెం లేదు, కౌంటీ మీటింగులో ముందు వరస కుర్చీ తప్ప. ఆ కుర్చీ అంటే వెర్లిన్‌కి ప్రాణం. పార్టీ మారితే అది పోతుంది. అది పోవడం ఒక ఎత్తు, ఇన్నేళ్ళూ అల్మాని ఏ పేరు పెట్టి ఏడిపించాడో ఆ పేరు తనకే అంటుకోవడం ఇంకో ఎత్తు.

గురువారం దాకా ఒక్కరూ కదల్లేదు. వెర్లిన్‌కి నిద్ర పట్టలేదు. బడి మూసేశారు, పోస్టాఫీసు ఎత్తేశారు, చర్చికి పాస్టరు రెండు వారాలకోసారి వస్తాడు. ఈ పెట్టె కూడా పోతే డ్రై ఫోర్క్‌ని ఊరని ఎవరంటారు? తొంభై రెండేళ్ళ ఇంగ బర్గ్‌క్విస్ట్ నవంబరు మంచులో హార్లో దాకా ఎలా పోతుంది? ఇంకో దారేదైనా ఉందేమో అడుగుదామని పికప్పు ట్రక్కు తీశాడు.

కౌంటీ ఆఫీసులో ట్వైలా బల్ల మీద చనిపోయినవాళ్ళ ఓటరు కార్డులున్నాయి. వాటిని జాబితాలోంచి తీసేస్తోంది.

"ఇంకో దారి లేదు వెర్లిన్. ఉంటే నేనే చెప్పేదాన్ని," అంది. తర్వాత ఏమనుకుందో, ఒక పాత కార్డు అతనివైపు జరిపింది. "ఇది చూడు. నాకూ ఇవాళే తెలిసింది."

అల్మా కార్డు అది. ఇరవై ఒకటో ఏట మొదటి నమోదు: రిపబ్లికన్. దాని కింద, ముప్పయ్యారేళ్ళ కిందటి అక్టోబరు తేదీతో మార్పు: డెమొక్రాట్.

ఆ అక్టోబరు వెర్లిన్‌కి బాగా గుర్తు. అప్పటి ఒక్కగానొక్క డెమొక్రాటు, ముసలి ఫ్రిట్జ్, ట్రాక్టరు కిందపడి పోయిన వారమది. అల్మా పార్టీ మారిందని తెలిసి, ఆ చలికాలమంతా వెర్లిన్ ఆమెతో మాట్లాడలేదు. బల్ల దగ్గర ఫ్రిట్జ్ కుర్చీ నింపడానికే మారిందని అప్పుడు తట్టలేదు. ఆ తర్వాత ప్రతి ఎన్నికకీ వరసలో నిలబడ్డవాళ్ళతో ఒకటే మాట: "బ్యాలెట్లు అల్మా చేతికి అందనీయకండోయ్, ఒకటికి రెండు చేస్తుంది!" ఆమె అతనివైపైనా చూసేది కాదు. వచ్చినవాళ్ళ ముందుకు పుస్తకం జరిపి, "ముందు సంతకం పెట్టు. తర్వాత కొలాచీ తిను," అనేది. ప్లమ్ పండ్ల ముద్ద పెట్టి కాల్చిన తియ్యరొట్టెలు, పళ్ళెం నిండా తెచ్చేది.

"మరి ఓటు ఎవరికి వేసేది?" అన్నాడు వెర్లిన్.

"అది ఆవిడకి తెలుసు, పెట్టెకి తెలుసు."

వెర్లిన్ కళ్ళు తుడుచుకున్నాడు. ట్వైలా చూడనట్టే కాగితాలు సర్దుకుంది.

"పెన్నిటివ్వు," అన్నాడు.

"నీ పదవి..."

"తెలుసులేవమ్మా. ఇటివ్వు."

ఎన్నికనాడు తెల్లారేసరికి మంచు మోకాలిలోతు. షెడ్డులో వెర్లిన్ అల్మా కుర్చీలో కూర్చున్నాడు. అతని పాత కుర్చీలో డేల్. పదవి కూడా ఇప్పుడు డేల్‌దే.

"బ్యాలెట్లు వెర్లిన్ చేతికి అందనీయకండోయ్, ఒకటికి రెండు చేస్తాడు!" అన్నాడు డేల్. వరస వరసంతా గొల్లున నవ్వింది.

వెర్లిన్ మొహం ఎర్రబడింది. నేను మీవాణ్ణేరా, అల్మా కూడా మనదేరా అన్న మాట నాలిక చివరిదాకా వచ్చింది. తాను ఒక్క పూట ఆపుకోలేకపోతున్న మాటని ఆమె ముప్పయ్యారేళ్ళు ఆపుకుంది, అదీ తననే ఎదురుగా పెట్టుకుని. సిగ్గుతో చచ్చిపోయాడు. మాట మింగేశాడు.

ఇంగ బర్గ్‌క్విస్ట్ కర్ర పొడుచుకుంటూ, బూట్ల మంచు దులుపుకుంటూ బల్ల దగ్గరికొచ్చింది. వెర్లిన్ పుస్తకం జరిపాడు.

"ముందు సంతకం పెట్టు. తర్వాత కొలాచీ తిను."

ఇంగ సంతకం పెట్టి, ఓటేసి వచ్చి, అడుగు మాడిన రొట్టెనొకటి తీసి కొరికింది. కాసేపు నమిలింది.

"ఇవి అల్మావి కావు," అంది.

"కావు," అన్నాడు వెర్లిన్. "కుర్చీ మాత్రం ఆవిడదే."