చలికి రెండు క్లిక్కులు

మా ఆయన డోయల్ నలభై మూడేళ్ళ కాపురంలో నన్ను ఒక్కసారే మోసం చేశాడు. ఆ మోసం కొలత కూడా చెప్పగలను: రెండు క్లిక్కులు. దానివల్ల నా మేకల మంద మొత్తం చెయ్యిజారి పోయేదే. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది, ఆ వెంటనే నవ్వొస్తుంది, ఆయన్ని ఏమనాలో తెలియక లేచి వెళ్ళి కాఫీ పెట్టుకుంటాను.

మేకలు అరవై రెండు. మా అమ్మ ఇచ్చిన నాలుగింటితో మొదలుపెట్టాను. ల్యానో నది పక్కన రాళ్ళూ ముళ్ళపొదలూ తప్ప ఏమీ పండని నేల మాది, మేక తప్ప ఇంకే జంతువూ దానిమీద బతకలేదు. ఫిబ్రవరిలో ఈనుతాయి. పిల్లలు నేలమీద పడే వేళకి కయోటీలు దిగుతాయి. కయోటీ అంటే నక్కకంటే పెద్దది, తోడేలుకంటే చిన్నది, రెండింటి దొంగబుద్ధీ పుణికి పుచ్చుకుని పుట్టింది. ముప్పై ఏళ్ళుగా ఈనే పొలంలో తెల్లవారకముందే రైఫిల్ పట్టుకుని కాపలా కూర్చునేది నేనే. డోయల్ తుపాకులు బాగుచేస్తాడు, మా ఊళ్ళో సగం తుపాకులు ఆయన చేతిమీదుగా పోయినవే. గురి మాత్రం మొదట్నుంచీ నాదే. పైగా రెండేళ్ళ కిందట ఆయన కళ్ళు పాడయ్యాయి. చుట్టూ అంచులు కనిపిస్తాయి, నడిమధ్య అంతా మసక. నా మొహం చూడాలంటే నా చెవి వైపు చూస్తాడు పాపం.

పోయినేడు వేసవిలో నేను మేత తొట్టి దగ్గర జారిపడి కుడి భుజం చెడగొట్టుకున్నాను. ఆపరేషన్ అయ్యింది. సెప్టెంబర్లో మళ్ళీ రైఫిల్ ఎత్తి ఒక్కటంటే ఒక్క తూటా పేల్చాను. అది వెనక్కి తన్నిన తన్నుకి కళ్ళలో నీళ్ళు గిర్రున తిరిగాయి. సరిగ్గా ఆ సమయానికే మా మరిది వెండెల్ వచ్చి కంచె మీద మోచేతులు ఆనించి చూస్తున్నాడు.

"వదినా, ఇంక చాల్లే. నా మందలో కలిపేసుకుంటా, అన్నిటినీ ఇచ్చెయ్. ఎక్కించుకుపోడానికి ట్రైలర్ ఎప్పుడు తెమ్మంటావ్?"

"నీ ట్రైలర్ నువ్వే ఎక్కి ఊరేగు. నా మేకల్ని నేను కాచుకోలేని రోజొస్తే నేనే ఫోన్ చేస్తా. అప్పటిదాకా ఆ మాట ఎత్తావంటే కంచె దాటి లోపలికి రానివ్వను," అన్నాను.

వాడు నవ్వాడు. డోయల్ నవ్వలేదు. నేనన్న మాట మీద నిలబడతానని ఆయనకి తెలుసు.

వారం తిరక్కుండా డోయల్ తెప్పించిన చిన్న డబ్బా పోస్టులో వచ్చింది. అందులో అగ్గిపెట్టెలో పట్టేంత నల్లటి ఇనప ముక్క. గ్యాస్ బ్లాక్. మా రైఫిల్ తనంతట తానే మరో తూటా ఎక్కించుకునే రకం. తూటా పేలినప్పుడు పుట్టే గ్యాసులో కాస్త, గొట్టానికున్న చిన్న చిల్లిలోంచి పైకొచ్చి, సన్నటి ట్యూబులోంచి వెనక్కి పోయి బోల్టు అనే లోపలి ఇనప కడ్డీని తోస్తుంది. బోల్టు వెనక్కి వెళ్తూ పేలిన తూటా ఖాళీ తొడుగుని బయటికి విసిరి, ముందుకొస్తూ కొత్త తూటా ఎక్కిస్తుంది. కంపెనీవాళ్ళు ఎందుకైనా మంచిదని గ్యాసు ధారాళంగా వదులుతారు. ఆ ఎక్కువైనదంతా భుజం మీదికి తన్నులా వస్తుంది. ఈ కొత్త బ్లాకుకి పక్కన చిన్న స్క్రూ ఉంటుంది, దాన్ని ఒక్కో క్లిక్కే తిప్పుతూ గ్యాసు తగ్గించుకోవచ్చు.

"పొయ్యి మంట తగ్గించినట్టేగా?" అన్నాను.

"అంతే పిల్లా. నీకు బీన్సు మాడిపోకుండా ఎంత మంట పెట్టాలో తెలుసు. నాకు దీని సంగతి తెలుసు." నాకు అరవై ఆరు. ఆయన నోట ఇంకా పిల్లానే.

బిగించడానికి ఒక రోజంతా పట్టింది. నాది ఒంటి చెయ్యి, ఆయనది చూపులేని కన్ను. పాత బ్లాకు పీకేశాక కొత్తదాని చిల్లీ గొట్టం చిల్లీ ఎదురెదురుగా రావాలి, వెంట్రుకవాసి తేడా వచ్చినా గ్యాసు పోదు. నేను టార్చి వేసి కళ్ళు చికిలిస్తుంటే, ఆయన కళ్ళు మూసుకుని గోరుతో తడుముతున్నాడు.

"ఎడమకి రా," అన్నాను.

"వచ్చేశాను. నీ కళ్ళజోడు తుడుచుకో."

తుడుచుకుని చూస్తే నిజంగానే వచ్చేశాడు. ఆ తర్వాత ట్యూబుని పట్టి ఉంచే పిన్ను కిందపడింది. గుండుసూదిలో సగం ఉంటుంది. ఇద్దరం మోకాళ్ళమీద షెడ్డంతా పాకాం. ఆఖరికి అది ఆయన గడ్డంలో దొరికింది. ఆ గడ్డం తీసెయ్యమని పదేళ్ళుగా మొత్తుకుంటున్నాను, వింటేగా.

మర్నాడు వెనక పొలంలో సరిచెయ్యడానికి కూర్చున్నాం. అక్టోబరు, ఇంకా చెమటలు పట్టే ఎండ. పికప్ ట్రక్కు నా కుడి పక్కనే, తలుపు తెరిచి నిలబెట్టాం. ఈ పనికి ఒక పద్ధతుంది. స్క్రూ పూర్తిగా మూసేసి, తూటాలు పెట్టే డబ్బాలో, అదే మ్యాగజైన్లో, ఒకే ఒక్క తూటా పెట్టి పేల్చాలి. గ్యాసు చాలితే బోల్టు పూర్తిగా వెనక్కి వెళ్ళి, ఇంక తూటా లేదు గనక అక్కడే తెరుచుకుని ఆగిపోతుంది. ఆగలేదంటే చాలలేదన్నమాట. అప్పుడు ఒక క్లిక్కు తెరిచి, మళ్ళీ ఒక్క తూటా. అలా బోల్టు ఆగేదాకా. ఆగాక, చలికి నూనె చిక్కబడ్డా మురికి పట్టినా బోల్టు ఆడాలని ఇంకో రెండు క్లిక్కులు తెరిచి వదిలెయ్యాలి. ఈ ముక్క మా ఊళ్ళో కనీసం యాభై మందికి నేర్పింది డోయలే.

నేను పేలుస్తాను. ఆయన పక్కన స్టూలు మీద తల వంచి వింటాడు. తొడుగు ఎక్కడ పడిందో చప్పుడుని బట్టి చెబుతాడు. ప్రతిసారీ అదే ప్రశ్న.

"నొప్పెట్టిందా?"

"లేదు."

అబద్ధం. ప్రతిదానికీ కాస్తో కూస్తో సలిపింది. కానీ నొప్పి అన్నానంటే మేకలు ట్రైలరెక్కినట్టే. అందుకని నోరు బిగబట్టాను. తొమ్మిదో క్లిక్కుకి బోల్టు ఆగింది. మళ్ళీ మూడుసార్లు పేల్చి చూశాం, మూడుసార్లూ ఆగింది. తన్ను సగానికి సగం తగ్గింది. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది.

"ఇప్పుడు చలికి రెండు," అని ఆయన టిక్కు టిక్కుమని తిప్పాడు. పెట్టెలో మిగిలిన ఆఖరి తూటా పేల్చాను. "అమ్మా!" అని గట్టిగా అరిచి, రైఫిల్ బల్లమీద పెట్టేసి ట్రక్కు వెనక్కి పరిగెత్తాను. ఎందుకరిచానో తర్వాత చెబుతాను. చొక్కా సర్దుకుని తిరిగొచ్చేసరికి డోయల్ స్క్రూమీద చెయ్యి పెట్టుకుని కూర్చునున్నాడు.

"అయిపోయింది పిల్లా. పదకొండు," అన్నాడు.

ఆ శీతాకాలమంతా రొమ్ము విరుచుకునే తిరిగాను. వెండెల్ క్రిస్మస్‌కి వచ్చినప్పుడు వాడి ఎదురుగా అయిదు తూటాలు పేల్చి, అయిదూ డబ్బాకి తగిలించి, వాడి ప్లేట్లోంచి పెకాన్ పై, అదే పెకాన్ పప్పుల తీపి పిండివంట, ముక్క లాక్కుని తిన్నాను.

ఫిబ్రవరి రెండో వారంలో ఉత్తరపు గాలి తిరిగింది. రాత్రికి రాత్రే కంచె తీగలన్నీ మంచుతో గాజు కట్టాయి. నా మందలో పెద్దది డచెస్ ఆ తెల్లవారుజామునే ఈనింది, రెండు పిల్లలు. ఇంకా తడి ఆరలేదు, ఒకటి లేవబోయి ముక్కుమీద పడుతోంది. అప్పుడే పొదల్లోంచి రెండు కయోటీలు వచ్చాయి. మొదటిదాన్ని గురిచూసి పేల్చాను, పడిపోయింది. రెండోది ఆగలేదు. మళ్ళీ నొక్కాను. టక్కుమని ఒట్టి చప్పుడు. తూటా లేదు.

అంటే బోల్టు పూర్తిగా వెనక్కి పోలేదు, కొత్త తూటా ఎక్కలేదు. ఎడమచేత్తో లాగి ఎక్కించేసరికి మూడు, నాలుగు క్షణాలు పట్టి ఉంటుంది. ఆ పాటికి అది పడుతూ లేస్తున్న పిల్లని నోట కరుచుకుని పొదల్లోకి పోయింది. పేల్చలేకపోయాను. డచెస్ అటు తిరిగి అరుస్తూనే ఉంది.

నాకు తెలిసిన సంగతి ఒకటుంది. ఈ రకం రైఫిల్‌ని భుజానికి గట్టిగా అదిమి పట్టకపోతే, మనిషి కూడా దాంతోపాటు వెనక్కి జారిపోతే, బోల్టుకి బలం చాలదు. కాబట్టి తప్పు నా భుజానిదే. నేను పట్టుకోలేకపోయాను. ఇంటికొచ్చి డోయల్‌కి అంతా చెప్పి, ఆయన ఎదురుగానే వెండెల్‌కి ఫోన్ చేశాను.

"ట్రైలర్ తీసుకురా."

"వదినా, నేనేదో వేళాకోళానికి..."

"తీసుకురా అన్నానా!"

ఆ రాత్రి డోయల్ బన్నుల్లాంటి మెత్తటి బిస్కెట్లు, గ్రేవీ పోసినవి, తినకుండా అలాగే వదిలేశాడు. నాతోపాటు బాధపడుతున్నాడు కాబోలు అనుకుని, ఆయన మీద జాలిపడ్డాను కూడా. చూడండి నా తెలివి.

మర్నాడు పొద్దున్నే వెండెల్ వచ్చాడు. ట్రైలర్ వెనక తలుపు దించాడు. మొదట డచెస్‌నే తీసుకొచ్చాను, అది ఎక్కితే మిగతావి వాటంతటవే వెంట వస్తాయి. బతికిన పిల్లని చంకలో పెట్టుకున్నాను. డచెస్ దించిన ఆ తలుపు మీద కాలు పెట్టి, వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఆపండ్రా!" అని డోయల్ షెడ్డు దగ్గర్నుంచి కేకేశాడు. కర్ర కూడా లేకుండా, రాళ్ళమీద తడబడుతూ వచ్చాడు. "ఓపల్, తప్పు నీ భుజానిది కాదు. నాది."

"ఆ వేళకి నువ్వు ఇంట్లో పడుకుని ఉంటే నీ తప్పేంటి?"

"పదకొండు కాదే. తొమ్మిది. నువ్వు ట్రక్కు వెనక్కి పోయినప్పుడు ఆ రెండూ మళ్ళీ మూసేశాను."

వెండెల్ నోరు తెరుచుకుని అన్న వైపు చూశాడు. "అన్నయ్యా, చలికి రెండు అని నా వీపుమీద కొట్టి మరీ నేర్పావు కదా!"

నేను ఆయనకి ఎదురెళ్ళాను. "ఎందుకు మూశావు? ఏం పుట్టింది నీకు? ఆ పిల్ల ప్రాణం పోయింది కదయ్యా!"

"తెలుసు." ఆయన నా చెవి వైపు చూస్తూ, అంటే నా మొహంలోకే చూస్తూ అన్నాడు. "నొప్పా అని అడిగితే నువ్వెప్పుడైనా అవునన్నావా? కాన్పు నొప్పుల్లో కూడా లేదన్నావు. నీ మాట నమ్మడం ఎప్పుడో మానేశాను. నీ మొహం చూద్దామంటే కనపడి చావదు. అందుకని నీ ఊపిరి విన్నాను. తొమ్మిదిదాకా పర్లేదు. పదకొండుకి అమ్మా అని అరిచావు, పరిగెత్తావు. ఏడవడానికి ట్రక్కు చాటుకి పోయావనుకున్నాను. అలాగే వదిలెయ్యడానికి నాకు చేతులాడలేదే. అవసరమైతే చలికాలం వచ్చాక తెరుద్దాంలే అనుకున్నాను. నువ్వలా సంబరపడుతూ తిరుగుతుంటే చెప్పడానికి నోరు రాలేదు."

నాకు ముందు ఏమీ అర్థం కాలేదు. ఆ తర్వాత అర్థమైంది. పిల్లని వెండెల్ చేతిలో కుక్కి, నేలమీద చతికిలబడి నవ్వాను. ఏడ్చాను కూడా, ఏది ఎంతసేపో చెప్పలేను.

"ఓరి నీ ప్రేమ తగలెయ్య! అది భుజం కాదయ్యా! తొడుగు! కాలే తొడుగు ట్రక్కు తలుపుకి తగిలి తిరిగొచ్చి నా చొక్కాలో పడింది! దాన్ని దులుపుకోడానికి పరిగెత్తాను!"

ఆయన నా వైపు చెయ్యి చాచాడు. "ఎక్కడ?"

లేచి, చొక్కా పై బొత్తాం విప్పాను. "నేను అటు తిరుగుతాను వదినా," అంటూ వెండెల్ మేకపిల్లతో సహా అటు తిరిగాడు. డోయల్ వేలు పట్టుకుని మెడ ఎముక కింద పెట్టాను. కందిగింజంత మచ్చ, ఇంకా పోలేదు. ఆయన దాన్ని తడిమి, మళ్ళీ తడిమాడు. నా కోపం ఎంత పట్టుకుందామన్నా నిలవలేదు.

"వెండెల్, ఆ తలుపెత్తి మూసుకో," అన్నాను. "ఖాళీగానే వెళ్తావు. వంటింట్లో పెకాన్ పై ఉంది, పట్టుకెళ్ళు."

"మొత్తమా?"

"మొత్తం. క్రిస్మస్‌నాటి బాకీ."

వాడు వెళ్ళాక రైఫిల్ తెచ్చాను. ఈసారి స్క్రూ తిప్పే చిన్న పానా నా చేతిలో ఉంది, ఆయన చెవి స్క్రూ దగ్గర. టిక్కు. టిక్కు. "పదకొండు," అన్నాడు. ట్రక్కుని దూరంగా జరిపాను. మ్యాగజైన్లో రెండు తూటాలు పెట్టి, గడ్డకట్టే గాలిలో నిలబడి, ఒకదాని వెంట ఒకటి పేల్చాను. రెండూ పేలాయి. బోల్టు తెరుచుకుని ఆగింది.

"నొప్పెట్టిందా?" అన్నాడు.

లేదు అనబోయి ఆగాను. ఆయన తల వంచి నా ఊపిరి వింటున్నాడు.

"పెట్టింది," అన్నాను.

"ఎంత?"

"ఓర్చుకునేంత."

ఆయన తలూపి, తడుముకుంటూ నా చేతిలోంచి పానా తీసుకుని జేబులో వేసుకున్నాడు. స్క్రూ జోలికి పోలేదు. తర్వాత నా కుడి భుజం మీద చెయ్యి వేసి, మేకలు మళ్ళీ పొలంలోకి దిగేదాకా అలాగే ఉంచాడు.