ముందు మూసేవి చూద్దాం

సీజన్ అయిపోయాక మా ఆయన నన్ను సముద్రం ఉన్న ఊరికి తీసుకెళ్లారు. జనం ఉండరు, హాయిగా చూడొచ్చట. తెల్లారి దిగాం, సాయంత్రం బస్సుకి తిరుగు ప్రయాణం.

హోటల్ మెట్లు దిగగానే సందు చివర సముద్రం కనిపించింది. అటు అడుగేశాను.

"అటెక్కడికి? సముద్రం ఎక్కడికీ పోదు. ముందు మూసేవి చూద్దాం" అన్నారు.

పాతికేళ్లు బ్యాంకు కౌంటర్లో కూర్చున్న మనిషి. మూసే టైము లేనిదేదీ ఆయన లెక్కలోకి రాదు. జేబులోంచి జాబితా తీశారు.

అక్వేరియానికి తాళం. లైట్‌హౌస్‌కి తాళం. పడవల రేవు దగ్గర వాచ్‌మన్ మమ్మల్ని దెయ్యాల్ని చూసినట్టు చూసి, "రెండు నెలలాగి రండమ్మా" అన్నాడు. ఈయన మాత్రం ప్రతి తాళం ముందూ నన్ను నిలబెట్టి ఫొటో తీశారు.

"తాళాలు మనింట్లో లేవా?" అన్నాను.

"వచ్చినట్టు గుర్తుండాలి కదే!"

కాళ్లు పీకుతున్నాయి మొర్రో అన్నా వినలేదు. ఆరో తాళం దగ్గర వాచీ చూసుకుని, "అయ్యో, బస్సు!" అన్నారు. సంచులు పట్టుకుని పరుగెత్తాం. బస్సులోంచైనా చూద్దామంటే నాకు దొరికిన సీటు కొండవైపు.

మర్నాడు ఆడపడుచు వచ్చి ఫొటోలన్నీ చూసింది. ఆరు తాళాలు, వాటి ముందు ముఖం మాడ్చుకుని నేను.

"ఇంతకీ సముద్రం ఎలా ఉందొదినా?"

ఆయన గొంతు సవరించుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

"మూసేశారు" అన్నాను.