వెచ్చటి నేల దగ్గర ఎడమకు

"మోకాళ్ళు ఎలా ఉన్నాయండీ?" అని అడిగింది దియోలిందా, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని. రెండు చేతుల్లోనూ క్యాబేజీ ఆకులున్నాయి.

అవతల ఆడగొంతు నవ్వింది. "పొద్దుట్నుంచి మీ ఊళ్ళో నాలుగు చోట్లకి ఫోన్ చేశాను. ఎంతమంది, ఏ తారీఖు అనే అడిగారు గానీ, మోకాళ్ళ క్షేమం అడిగింది మీరొక్కరే."

"కొండెక్కేది అవే కదండీ. తారీఖు ఎక్కదు."

ఆవిడ పేరు జుల్మీరా. పోర్తు నగరంలో ముప్ఫై ఏళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైందట. ఇద్దరు చెల్లెళ్ళతో ఆ పొద్దున్నే సావ్ మిగెల్ దీవిలో దిగింది. మర్నాటికి ఏదో ఒక టూరు కావాలి, ఏదో తేలడం లేదు. "మీ వెబ్‌సైట్‌లో పదకొండున్నాయమ్మా. జలపాతంలో తాళ్ళు పట్టుకుని దిగడం, సరస్సు మీద పడవ, కొండ అంచు చుట్టూ నడక, అడవిదారి, వేడినీళ్ళ స్నానం... ప్రతిదాని కిందా 'మరపురానిది' అని రాశారు. అన్నీ మరపురానివైతే నేను దేన్ని మర్చిపోను?"

దియోలిందాకు నవ్వొచ్చింది. ఆ మాట రాసింది తనే. బూట్ల సంగతి అడిగింది. అంచున నిలబడితే ఎవరికైనా కళ్ళు తిరుగుతాయా అని అడిగింది. ముగ్గురిలో త్వరగా అలిగేదెవరని కూడా అడిగింది. "చిన్నది" అని వెంటనే జవాబొచ్చింది. "అయితే అడవిదారి తీసుకోండి. నీడ ఉంటుంది, మధ్యలో కూర్చోడానికి మొద్దులుంటాయి, అలిగినా ఎవరికీ కనబడదు. పడవ ఎల్లుండికి పెట్టుకోండి, రేపు గాలి తిరుగుతుంది."

ఫోను పెట్టేసి మళ్ళీ కుండలోకి వంగింది. అడుగున పంది మాంసం, ఎద్దు మాంసం, కోడి. వాటిమీద చేమదుంపలు, చిలగడదుంపలు, క్యారట్లు. ఆపైన సాసేజిలు, అన్నిటిమీదా క్యాబేజీ ఆకుల దుప్పటి. నీళ్ళు చుక్క కూడా పొయ్యకూడదు. పొద్దున్నే మొగుడు అమీల్కర్ ఈ కుండని సరస్సు ఒడ్డుకు తీసుకెళ్ళి పొగలు కక్కే గుంటలోకి దించి మట్టి కప్పుతాడు. అడుగున అగ్నిపర్వతపు వేడి ఉంది గనక ఆరు గంటలు భూమే వండుతుంది. మిట్టమధ్యాహ్నం అతిథులందరూ చుట్టూ నిలబడితే, అమీల్కర్ చొక్కా చేతులు మడిచి, కొక్కెం తగిలించి, కుండని ఆవిరిలోంచి పైకి లాగుతాడు. అందరూ చప్పట్లు కొడతారు, ఫొటోలు తీసుకుంటారు. ఇరవై రెండేళ్ళుగా ఆ ఫొటోలన్నిటిలోనూ కుండ ఉంది, అమీల్కర్ ఉన్నాడు, ఆవిరి ఉంది. దుంపలు చెక్కిన మనిషి ఒక్కదానిలోనూ లేదు.

ఇంటి గేటు పక్కన బోర్డొకటుంది. 'అమీల్కర్‌తో అడవిదారి', 'అమీల్కర్‌తో అంచు నడక' అని వరసగా రాసి, 'తోడు: ఫయిష్కా' అని కుక్క పేరు కూడా పెట్టి, చిట్టచివర చిన్న అక్షరాల్లో 'భోజనం కలిపి' అని ముగించారు. ఆ కలిపినదాన్ని నేనే కదా అని ఓసారి అంది దియోలిందా, తమాషాగానే. కుక్కకున్న పాటి పేరు నాకు లేదా అంది. అమీల్కర్ పగలబడి నవ్వి, "కుక్క పేరుంటే పిల్లలకి సరదా లిందా. నీ పేరు చూసి ఎవరు టూరుకొస్తారే!" అన్నాడు. చిక్కుళ్ళు వొలుస్తున్న అత్తగారు ఎవులాలియా తలెత్తకుండానే, "అన్నం పెట్టేదానికి బోర్డేమిటే, విడ్డూరం కాకపోతే! మా కాలంలో పెట్టేవాళ్ళం, అంతే" అంది.

అమీల్కర్ చెడ్డవాడు కాదు. అదే చిక్కు. చెడ్డవాడైతే ఊళ్ళో నలుగురూ జాలిపడేవాళ్ళు, తనూ ఏదో ఒకటి తేల్చుకునేది. తాగడు, చెయ్యెత్తడు, పుట్టినరోజు మర్చిపోడు. ఎవరికే టూరు సరిపోతుందో తేల్చేదెవరని అతిథులు అడిగితే, "మా ఆఫీసు చూసుకుంటుందండీ" అంటాడు. ఆఫీసంటే ఈ వంటింటి బల్ల. మూడేళ్ళ కిందట దారులు చూపించేవాళ్ళకి పరీక్ష పెట్టారు. పుస్తకం ముందేసుకుంటే అమీల్కర్‌కి నిద్రొస్తుంది గనక దియోలిందా చదివి వినిపించింది. వినిపించగా వినిపించగా మొత్తం నోటికొచ్చేసింది. సరే, ఒక్కడూ వెళ్తే భయపడతాడని తనూ కూర్చుని రాసింది. అమీల్కర్ గట్టెక్కాడు. ఆమెకు జిల్లాలో రెండో స్థానం వచ్చింది. గైడు కార్డులు రెండూ ఒకే కవరులో వచ్చాయి. "ఒక ఇంటికి రెండు కార్డులెందుకే, ఇద్దరూ కొండెక్కితే పొయ్యెవరు చూస్తారు?" అంది అత్తగారు. ఆ మాటలో తప్పేమీ లేనట్టే అనిపించింది అప్పుడు.

పైగా ఆ అడవిదారి అసలు ఆమెదే. ఆమెది అంటే ఆమె అమ్మమ్మది. మగవాళ్ళు పైన దేవదారు చెట్లు కొడుతుంటే, కింద నుంచి ఆడవాళ్ళు నెత్తిన అన్నం గిన్నెలు పెట్టుకుని ఆ దారినే ఎక్కేవాళ్ళు. చెప్పుల్లేని కాళ్ళు. పొగమంచు పడితే కళ్ళతో పనిలేదు, కాళ్ళే చూసేవి. ఒకచోట నేల వెచ్చగా తగులుతుంది, అక్కడ నాచు మొలవదు. దిగేటప్పుడు ఆ వెచ్చదనం దగ్గర ఎడమకు తిరగాలి. తిరగకపోతే నేరుగా లోయ. పెళ్ళికి ముందు అమీల్కర్‌ని ఆ దారిన తీసుకెళ్ళింది దియోలిందాయే. వంగి నేలమీద చెయ్యి పెట్టి చూపించింది కూడా. అతగాడు ఆ మలుపులో ఉన్న వంకర దేవదారు కింద ఆమెని ముద్దుపెట్టుకున్నాడు. ముద్దు గుర్తుంది, చెట్టు గుర్తుంది. నేల మాత్రం గుర్తులేదు.

ఆ వంకర చెట్టుని పోయిన వారం అడవిశాఖవాళ్ళు కొట్టేశారు.

మర్నాడు పదకొండున్నరకి సరస్సు ఒడ్డున బల్లమీద గుడ్డ పరుస్తుంటే ఫోను మోగింది. పైన కొండ కనబడటం లేదు. ఎవరో తెల్ల దుప్పటి కప్పినట్టుంది.

"లిందా." అమీల్కర్ గుసగుసలాడుతున్నాడు. "చెట్టు లేదే."

"ఏ చెట్టు?"

"మన చెట్టే. మలుపు చెట్టు. మంచులో ఏం కనబడటం లేదు. ఎనిమిదిమంది ఉన్నారు వెనక. నెమ్మదిగా చెప్పు, వింటారు."

దియోలిందా చేతిలోని పళ్ళేలు కింద పెట్టింది. ఆమె గొంతులో వణుకు రాలేదు. అది ఆమెకే తర్వాత ఆశ్చర్యం. "నీళ్ళ చప్పుడు ఏ చెవిలో వినిపిస్తోంది?"

"కుడిచెవిలో."

"అయితే దాటేశావు. ఇంకొక్క అడుగు ముందుకెయ్యకు అమీల్కర్. ముందు లోయ. అందర్నీ ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళని పట్టుకోమను. వచ్చిన దారినే వెనక్కి నడు. పది అడుగులకోసారి వంగి నేలమీద చెయ్యి పెట్టు."

"చెయ్యా?"

"అరచెయ్యి. వెచ్చగా తగిలినచోట ఆగు. అక్కడ ఎడమ... కాదు, ఇప్పుడు నువ్వు ఎదురొస్తున్నావుగా, కుడికి తిరిగి దిగు. నీళ్ళు ఎడమచెవిలోకి రావాలి. అప్పటిదాకా ఫోను పెట్టేయకు."

పదకొండు నిమిషాలు. ఊపిరి శబ్దం, బూట్ల శబ్దం, మధ్యలో అమీల్కర్ గొంతు సవరించుకుని, "భయమేం లేదండీ, ఈ కొండ నాకు కొట్టినపిండి" అని అతిథులతో అనడం వినబడింది. తర్వాత సన్నగా, "వెచ్చగా ఉందే లిందా" అన్నాడు. చిన్నపిల్లాడిలా అన్నాడు. ఆమెకు కళ్ళు చెమర్చాయి. ఆ క్షణాన అతనిమీద ఎంత ప్రేమ కలిగిందో చెప్పలేం.

ఆ ప్రేమ భోజనం దాకా నిలవలేదు. కుండ పైకొచ్చింది, చప్పట్లు మోగాయి, పళ్ళేలు నిండాయి. వైన్ గ్లాసు పట్టుకుని అమీల్కర్ అందుకున్నాడు. "మంచులో కళ్ళు పనిచెయ్యవండీ. మా తాత నేర్పాడు నాకు. చెప్పుల్లేకుండా తిరిగేవాడు ఆయన. 'ఒరే, నేలని అడుగు, నేల చెబుతుంది' అనేవాడు. ఇవాళ వంగి అరచెయ్యి పెట్టానా, చెప్పింది!" బల్లంతా ఆహా అంది. ఒకాయన చెమర్చిన కళ్ళతో లేచి అమీల్కర్‌ని కౌగలించుకున్నాడు. దియోలిందా చేమదుంపలు వడ్డిస్తోంది. "ఇంకాస్త సాసేజి వేయమ్మా" అన్నాడెవరో, ఆమె వైపు చూడకుండా.

ఫోను చేసినందుకు కాదు ఆమెకు కోపం. ఆ సంగతి అతిథులకు చెప్పనందుకూ కాదు. అలాంటివి ఆమెకు అలవాటే. వానాకాలంలో ఏ దారి కోసుకుపోయిందో, ఏ అతిథికి గుండెజబ్బో, ఎవరు ఏది తినరో చీటీ రాసి జేబులో పెడితే, అతను అక్కడ చదివి తన తెలివిలా చెప్పుకోవడం ఎన్నేళ్ళనుంచో ఉన్నదే. కానీ అమ్మమ్మ! పగిలిన మడమలు, వాటిల్లో ఇరుక్కున్న నల్లమట్టి, సాయంత్రం వేడినీళ్ళ వాగులో కాళ్ళు పెట్టుకుని మూలిగే ఆ ముసలావిడ. ఆ కాళ్ళు నేర్చుకున్న దాన్ని తీసుకెళ్ళి, బూట్లేసుకుని ఊరి సారాకొట్టు దాటి ఎరగని తాతకి తొడిగేశాడు. అదీ ఎంత సులువుగా! అబద్ధమాడుతున్నానన్న సంగతి కూడా తెలియకుండా. నా పేరు లేకపోతే పోయింది, నేను బతికే ఉన్నాను, ఎప్పుడైనా అడుక్కోగలను. చచ్చిపోయినదాని పేరు ఎవరు అడుగుతారు? పళ్ళేలు ఎత్తుతూ ఈ మాటే లోపల తిప్పి తిప్పి అనుకుంది.

ఎంగిలి గ్లాసులు పట్టుకుని జుల్మీరా వెనకే వచ్చింది. పొట్టిగా, జుట్టు కత్తిరించుకుని, కళ్ళద్దాలు మెడలో వేలాడేసుకుని ఉందావిడ.

"నేను ఆయన వెనకే నడిచానమ్మా. మీ గొంతు నిన్ననే విన్నాను కదా, పోల్చుకున్నాను."

దియోలిందా గ్లాసులు అందుకుంది.

"ముప్ఫై ఏళ్ళు క్లాసులో ఉన్నాను. వెనక బెంచీ నుంచి జవాబు అందించే పిల్ల ఎవరో నాకు తెలిసిపోతుంది లెండి." ఆవిడ ఆ మాట అక్కడితో వదిలేసింది. "ఇవాళ మంచులో చెట్టూ చేమా ఏమీ కనబళ్ళేదు. మా హోటల్లో ఇంకొకామె కూడా వస్తానంటోంది. రేపు మళ్ళీ ఏదైనా తీసుకోవాలి. పదకొండింట్లో మీరైతే ఏది ఎంచుకుంటారు?"

ఆ ప్రశ్న దియోలిందాకు కొత్త. ఎవరి మోకాలికి ఏ కొండ సరిపోతుందో ఫోనులో గొంతు విని చెప్పగలదు గానీ, తనకేది కావాలో ఆలోచించి ఎన్నాళ్ళయిందో లెక్కే లేదు. ఆ అడవిదారిని చివరిసారి ఎక్కింది కూతురు కడుపున పడకముందు. ఆ కూతురు ఇప్పుడు లిస్బన్‌లో నర్సు. అతిథులకు చెప్పే వర్ణనలన్నీ పందొమ్మిదేళ్ళ పిల్ల చూసినవి. నాకూ మోకాళ్ళున్నాయి, వాటినెవరూ అడగలేదు, నేనూ అడగలేదు అనుకుంది. తన మీద తనకే సిగ్గేసింది, ఆ వెంటనే ఆ సిగ్గు తనది కాదనిపించింది.

"అడవిదారే" అంది. "నాతో."

ఇంటికొచ్చేసరికి నాలుగైంది. అమీల్కర్ బూట్లు విప్పి కాళ్ళు చాపుకున్నాడు. మంచి హుషారుగా ఉన్నాడు. అత్తగారు కిటికీ దగ్గర చిక్కుళ్ళతో కూర్చుంది.

"రేపెంతమంది లిందా?"

"నలుగురు. అడవిదారికి."

"ఇవాళొచ్చిన పంతులమ్మ వాళ్ళేనా? చూశావా, కథ చెబితే మళ్ళీ రావాల్సిందే."

"కథ నాది" అంది దియోలిందా. "మా అమ్మమ్మ కాళ్ళు తీసుకెళ్ళి మీ తాతకి పెట్టావు అమీల్కర్. అందరి ముందూ. నేను వడ్డిస్తూ విన్నాను."

అమీల్కర్ చాపిన కాళ్ళు ముడుచుకున్నాడు. "ఏదో... మాటల్లో వచ్చేసిందే. అమ్మమ్మ అంటే అంత రక్తి కట్టదని..."

"కడుతుందో లేదో రేపు చూస్తాను. పైకి నేను తీసుకెళ్తున్నాను వాళ్ళని."

"నువ్వా?"

"నా కార్డు నా దగ్గరుంది."

"మరి వంటో?" అంది అత్తగారు, చిక్కుళ్ళు వొళ్ళో వదిలేసి. "కుండ ఎవరు నింపుతారే?"

దియోలిందా కడిగిన కుండ తెచ్చి మొగుడి ముందు బల్లమీద పెట్టింది. పక్కన మాంసం, దుంపల బుట్ట, రెండు క్యాబేజీలు. మొగుడూ అత్తా ఇద్దరూ ఆ కుండ వంక కొత్తగా ఇంటికొచ్చిన మనిషిని చూసినట్టు చూశారు.

"నాకు రాదు లిందా" అన్నాడు అమీల్కర్. ఈసారి నవ్వలేదు. "నిజంగా రాదు. ఏది ముందో ఏది వెనకో కూడా తెలీదు."

"మాంసం అడుగున. నీళ్ళు పొయ్యకు. తర్వాత తెలియకపోతే, నేను కొండమీదున్నా సరే, ఫోన్ చెయ్యి. గుసగుసలాడకు, అందరికీ వినబడేలా గట్టిగా అడుగు. నేనూ గట్టిగానే చెబుతాను."