ఆరితే కనబడే చెయ్యి

నలుపు అన్నిటినీ దాచుకుంటుందని చెప్పేవాళ్లు నల్ల బండిని ఒక్కసారి కూడా కడిగి ఉండరు. తెల్ల బండి మీద దుమ్ము కనబడదు. ఎర్ర బండి మీద గీత కనబడదు. నల్ల బండి మీద మాత్రం పిచ్చుక వాలి లేచినా తెలిసిపోతుంది. అందులోనూ రాయదుర్గంలో! గాలి తిరిగిందంటే చాలు, ఊరి చుట్టూ ఎండిపోయిన వేరుశనగ బుడ్డల చేలన్నీ లేచి వచ్చి బండి మీద కూర్చుంటాయి. ఇంత తెలిసి కూడా లింగప్ప నల్ల రంగే కావాలని పట్టుబట్టాడు.

జీన్స్ ప్యాంట్లు కుట్టే యూనిట్లో అతను కటింగ్ మాస్టరు. పొద్దస్తమానం నీలం గుడ్డ, నీలం నూగు. చివరికి ఉమ్మేసినా నీలమే. "నా కండ్లకు ఇంగొక రంగు కావల్ల మామా," అని పెయింటర్ జమాల్ సాబ్‌ని బతిమాలి, బళ్లారిలో కొన్న పాత మోటారు సైకిలుకు నిగనిగలాడే నలుపు కొట్టించుకున్నాడు. ఇంటికి తెచ్చిన రోజు పెట్రోలు ట్యాంకులో తన ముఖం చూసుకుని మీసం దువ్వుకున్నాడు. పెళ్లి పీటల మీద కూడా వాడు అంత మురిసిపోలేదని వాళ్లమ్మ ఆంజినమ్మ వీధంతా చెప్పుకుంది.

ఆ సంవత్సరం ఆయుధపూజకు బండికి బంతిపూల దండ వేశారు. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. అంతటితో ఊరుకుని ఉంటే ఈ కథే లేదు. లింగప్ప పెళ్లాం ఈశ్వరిది విడపనకల్లు దగ్గర పల్లె. వాళ్ల పుట్టింట్లో కొత్త ఎద్దును తోలుకొస్తే, ఇంటి ఆడమనిషి పసుపూ సున్నమూ కలిపిన ఎర్రటి ముద్దలో అరచెయ్యి అద్ది దాని తొడ మీద అచ్చు వేస్తుంది. ఆ చెయ్యి పడ్డాకే అది ఇంటి ఎద్దు. లింగప్ప టెంకాయ కోసం లోపలికి పోయి వచ్చేసరికి ట్యాంకుకు కుడివైపున ఐదు వేళ్లూ విప్పుకుని ఎర్రటి చెయ్యి ఉంది. పక్కన ఈశ్వరి నవ్వుతూ నిలబడి ఉంది.

"మూడు దినాలు తుడిచేది లేదు. ఆ పైన నీ ఇష్టం," అంది.

సున్నం ఎద్దు తోలును ఏమీ చేయదు. రంగును మాత్రం తింటుంది. ఆ సంగతి ఎద్దుల ఇంట పుట్టిన ఆమెకు తెలియదు, గుడ్డలు కోసుకునే అతనికీ తెలియదు. మూడు రోజులు ఎండకు కాగిన తర్వాత కడిగితే ఎరుపు పోయింది, చెయ్యి పోలేదు. మెరిసే నలుపు మధ్యలో మెరుపు చచ్చిన చెయ్యి, అరచేతి గీతలతో సహా అట్లాగే ఉండిపోయింది.

పైగా దానికొక తమాషా. నీళ్లు పోస్తే మాయమయ్యేది. తడి ఉన్నంతసేపూ ట్యాంకంతా ఒకటే నలుపు. "పాయె!" అని లింగప్ప సంబరపడేవాడు. ఎండ తగిలి తడి ఆరేకొద్దీ ముందు మణికట్టు దగ్గరి భాగం, తర్వాత అరచెయ్యి, ఆఖరున వేళ్లు ఒక్కొక్కటే పైకి తేలేవి.

అక్కడినుంచి ఏడాది పాటు ప్రతి ఆదివారమూ అదే రామాయణం.

"ఎద్దంట, ఎద్దు! మీ నాయన ఎద్దులకు వేసుకోపో. అద్దం మాదిరి బండిని గబ్బు చేస్తివి గదే!"

"ఏం మనిషివప్పా నువ్వు! నా చెయ్యే గదా పడినాది. పాము పడగ గాదు గదా."

మొదట్లో ఈశ్వరి నవ్వుతూ అనేది. రాను రాను నవ్వు తగ్గింది, తర్వాత జవాబు కూడా తగ్గింది. లింగప్ప చెడ్డవాడు కాడు. ఆమెకు జడలోకి కనకాంబరాలు తెచ్చేవాడు, జాతరకు తీసుకుపోయేవాడు. నోరు ఆగదు, అంతే. కానీ మంచివాడి నోరు కూడా కోస్తుంది. కత్తెర పట్టే మనిషికి ఆ మాత్రం తెలిసి ఉండాల్సింది.

మరుసటి ఏడు వాన పడలేదు. కుళాయి ఎనిమిది రోజులకొకసారి వచ్చేది. భాద్రపదంలో ఒక మధ్యాహ్నం లింగప్ప అన్నానికి వచ్చేసరికి, ఈశ్వరి బండి పక్కన గొంతుకూర్చుని గుడ్డముక్కతో ట్యాంకును రుద్దుతోంది. కాళ్ల దగ్గర పళ్లు తోముకునే పండ్లపొడి పొట్లం.

"జమాల్ సాబ్ ఇంటామె చెప్పినాది, దీంతో రుద్దితే పోతాదంట. చూడు, చిటికెనవేలు సగం పాయె," అని చూపించింది. "జబ్బలు గుంజుతాండాయి. తక్కినవి రేపు చేస్తాలే."

గడప మీద బియ్యం ఏరుకుంటున్న ఆంజినమ్మ కూడా ఆ మాట విన్నది. లింగప్ప వేలు వైపు సరిగ్గా చూడను కూడా చూడలేదు. "ముందు అన్నం పెట్టు," అని లోపలికి వెళ్లిపోయాడు.

తెల్లవారి ఆమెకు జ్వరం వచ్చింది. నాలుగో రోజుకు మనిషి లేదు.

దినవారాలు అయ్యేదాకా అతను బండి ముట్టలేదు. ఆ తర్వాత వచ్చిన ఆదివారం, అలవాటు పడిన చేతులు వాటంతట అవే చెంబు నీళ్లు తీసుకున్నాయి. పోశాడు. ట్యాంకు ఒకటే నలుపయింది. ఎండ తగిలింది. మణికట్టు, అరచెయ్యి, బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు, ఉంగరపువేలు, సగం చిటికెనవేలు. అంత కచ్చితంగా, అంత నెమ్మదిగా ఆమె చెయ్యి వచ్చి అతని ముందు నిలబడింది. లింగప్ప భుజం మీది తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడ్చాడు. పాడె మోసిన రోజు కూడా అతనికి అంత ఏడుపు రాలేదు.

అప్పటినుంచి ఆదివారం కోసం బతికాడు. వీధికి అదొక వేడుక. "మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె! మనుషులకు తాగే నీళ్లు లేవు, ఈయప్ప బండికి తలంటు పోస్తాండాడు," అని ఎదురింటి హనుమక్క బిందె పట్టుకుని నిలబడి దెప్పిపొడిచేది. లింగప్ప తన స్నానం నీళ్లలోంచే ఒక చెంబు మిగుల్చుకునేవాడు. ముప్పై అయిదేళ్ల మగవాడు మరక ఎప్పుడు ఆరుతుందా అని కూర్చున్నాడని ఎవరితో చెప్పుకుంటాడు? అమ్మతో అసలే చెప్పలేడు. చెబితే ఆ ముసలి ప్రాణం గుండెలు బాదుకుంటుంది.

ఉగాది వచ్చేసరికి చెయ్యి మసకబారింది. ఒక ఆదివారం రెండు వేళ్లు తేలనే లేదు. లింగప్ప బండిని తోసుకుంటూ జమాల్ సాబ్ దగ్గరికి పరుగెత్తాడు. సాబ్ కళ్లద్దాలు పెట్టుకుని ట్యాంకును ఎండకు అటూ ఇటూ తిప్పి చూశాడు.

"చెయ్యి యాడికీ పోలేదల్లుడా. చుట్టూ ఉండే మెరుపు పోతాండాది. దుమ్ము మీదనే గుడ్డ వేసి తుడుస్తాండావు, సన్నగీతలు పడి అంతా మబ్బయిపాయె. పక్కన మెరుపుంటేనే గదా అది కనబడేది. మల్లా రంగు కొడదామా?"

"వద్దు మామా!" లింగప్ప కేకలాగా అన్నాడు.

సాబ్ అతని ముఖం చూశాడు, ట్యాంకు చూశాడు. లోపలినుంచి పాలిష్ డబ్బా తెచ్చి చేతిలో పెట్టాడు. "ముందు నీళ్లతో దుమ్ము జార్చు, రుద్దాకు. ఆరినంక మెత్తని గుడ్డతో చుట్టూరా దీన్ని పట్టించు. దాన్ని మాత్రం ముట్టుకోవాకు," అన్నాడు.

వంద పొరల గుడ్డను సుద్దగీత మీద నూలు పోగు తేడా రాకుండా కోసే చెయ్యి లింగప్పది. పాత బనీను ముక్కను వేలికి చుట్టుకుని, ఆ చెయ్యి అంచు వెంబడి పాలిష్ పట్టించేవాడు. వేలు పక్కగా పైకి, కొస చుట్టూ, మళ్లీ వేళ్ల సందులోకి. ఆమె బతికుండగా ఒక్కనాడైనా ఆ వేళ్లను అంత సేపు పట్టుకున్నాడా? లేదు. అది తలుచుకున్నప్పుడల్లా గుడ్డ ఆగేది. కొన్ని వారాలకు చెయ్యి మళ్లీ స్పష్టంగా తేలింది.

ఆంజినమ్మ గడప మీదినుంచి ఇదంతా చూస్తూనే ఉంది. ఆమెకు చూపు తగ్గింది. కనబడినంతలో కనబడింది ఒకటే: కొడుకు ఆ పాడు మరకను పోగొట్టాలని వారం వారం రుద్దుతున్నాడు, అది పోవడం లేదు. ఏడాది పొడుగునా దాని మీద అతను పెట్టిన పోరు ఆమె చెవుల్లోనే ఉంది.

"ఇంత రుద్దినా పోలేదా నాయనా?" అని ఒకసారి అడిగింది.

"పోలేదుమా," అన్నాడు లింగప్ప, తల ఎత్తకుండా. ఆ మాటలో ఎంత సంతోషం ఉందో ఆమెకు వినబడలేదు.

మళ్లీ ఆయుధపూజ వచ్చింది. ముందురోజు యజమాని గుడ్డ కోసం బళ్లారి పోతూ లింగప్పను వ్యానులో వెంటబెట్టుకుపోయాడు. బండి ఇంట్లోనే ఉంది. పొద్దు ఇంకా ఇంటి కప్పుల మీద ఉండగానే అతను తిరిగి వచ్చాడు.

ఆంజినమ్మ బండి పక్కన కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. మోచేతుల దాకా నలుపు. ఒళ్లో ఈశ్వరి పాత చీర ముక్క, దాని నిండా నలుపు. చుట్టూ ఖాళీ పండ్లపొడి పొట్లాలు.

"చూడు నాయనా! తెల్లారి పట్టుకున్నా, ఇప్పటికి తీరె. నా కోడలు నాలుగు వేళ్లు మిగిల్చిపాయె పాపం, రేపు చేస్తానని చెప్పి. దాని పని నేను ముగిస్తి. ఇంగ దాని ఆత్మకు నెమ్మది, నీకూ నెమ్మది."

లింగప్ప చూశాడు. ట్యాంకు నిగనిగలాడుతోంది. మొదటి రోజులాగే అందులో అతని ముఖం ఉంది, అది తప్ప ఏమీ లేదు. గొంతు దాకా కేక వచ్చింది. ఆ నోటితో ఏడాది పాటు ఈశ్వరిని కోసింది గుర్తుకొచ్చింది. అమ్మ చేతులు చూశాడు. గోళ్లు అరిగిపోయాయి, కణుపుల ముడతల్లో నలుపు ఇంకిపోయింది. ఆ నలుపులోనే ఎక్కడో ఈశ్వరి చెయ్యి ఉంది.

"బాగుండాదిమా," అన్నాడు.

బిందె అడుగున మిగిలిన నీళ్లు తెచ్చి ముందు అమ్మ చేతులు కడిగాడు. వేలు వేలూ పట్టుకుని తోమాడు. నలుపు పూర్తిగా వదల్లేదు. మిగిలిన చెంబెడు నీళ్లు ట్యాంకు మీద పోశాడు.

"మల్లా యాల కడుగుతాండావురా?"

"పొడి ఉండాదిమా సందుల్లో," అని బండి ముందు గొంతుకూర్చున్నాడు.

ఎండ ఏటవాలుగా ట్యాంకు మీద పడింది. మణికట్టు ఉండే చోటు ఆరింది. అరచెయ్యి చోటు ఆరింది. బొటనవేలు చోటు, చూపుడువేలు చోటు, ఒక్కొక్కటే ఆరాయి. వీధిలో ఎవరో రేపటి పండగకు గుమ్మడికాయలు మోసుకుపోతున్నారు. లింగప్ప కదల్లేదు.

"ఆరిపాయె గదరా నాయనా. లెయ్యి, అన్నం తిందువు," అంది ఆంజినమ్మ.

"ఇంగా ఆరలేదుమా," అన్నాడు లింగప్ప.