జ్వరాల జాబితా

పెద్దమేడం రాసిచ్చిన కాగితం పట్టుకుని, పరీక్ష ముందురోజు మధ్యాహ్నానికల్లా బడి ఆయమ్మ పది గడపలూ ఎక్కి దిగేసింది. ఎవరెవరి పిల్లలకు రేపు జ్వరం రావాలో చెప్పిరావడం ఆమె పని. ఏటా ఉన్నదే. చదువులో వెనకబడ్డవాళ్లు పరీక్ష రాస్తే బడి సగటు సర్కారు గీసిన గీత కిందకు పడుతుంది. రాకపోతే వాళ్లు లెక్కలోకే రారు. వరసగా రెండేళ్లు గీత కిందుంటే బడికి తాళమే. నిరుడు ఈ బడి గీత కిందకు పడనే పడింది. పెద్దరోడ్డు అవతలి బడికి ఈ తిప్పలు లేవు. అక్కడి పిల్లలకు ఇంట్లో విడిగా గది, సాయంత్రం ట్యూషన్. ఇక్కడి పిల్లలకు చంకలో తమ్ముడు. గీత మాత్రం ఇద్దరికీ ఒకటే. ఏం న్యాయమో.

"ఒక్కరోజేగా వదినా, జ్వరమనుకో," అని తల్లులను ఒప్పించడం ఆయమ్మకు వెన్నతో పెట్టిన విద్య.

పదో ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడ మాత్రం పెట్టె పక్కనపెట్టి అడిగింది. "మీ పిల్లకి రాదా జ్వరం?"

"మాది రాస్తుందిలే," అంది ఆయమ్మ, కాస్త గర్వంగానే.

బడికొచ్చి కాగితం తిరిగిచ్చింది. పెద్దమేడం దాన్ని మడతపెడుతూ తలెత్తలేదు.

"ఇంకొకటుంది ఆయమ్మా. సగటు మళ్లీ వేసి చూశాను. పదకొండో పేరు రాయడానికి నాకు చెయ్యాడలేదు."

అర్థమవడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక ఆయమ్మ బల్ల దగ్గరకు జరిగింది.

"రాత్రీ పగలూ చదువుతోందమ్మా."

"చదువుతోంది. లెక్కలు రావట్లేదు. బడి మూస్తే నన్ను ఇంకోచోట వేస్తారు. నిన్నెవరు పెట్టుకుంటారు?"

ఆయమ్మ తలూపింది. పదిమంది తల్లులూ ఊపినట్టే.

తెల్లారేసరికి కూతురు స్నానం చేసి, రెండు జడలూ తనే వేసుకుని, చెక్కిన పెన్సిళ్లు మూడూ ముందు పెట్టుకుని కూర్చుంది. ఆయమ్మ దాని నుదుటి మీద చెయ్యివేసింది. చల్లగా ఉంది.

"ఒళ్లు కాలుతోందే నీకు."

"లేదమ్మా, బాగానే ఉన్నా."

"నాకు తెలీదా? పడుకో."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. పది ఇళ్ల సంగతి దానికి తెలియంది కాదు. వాళ్లంతా దాని స్నేహితులే. బూట్లు విప్పి గోడవైపు తిరిగి పడుకుంది. ఏడ్చినా బాగుండేది అనిపించింది ఆయమ్మకు.

తలుపు దగ్గరకు వేసి గబగబా నడిచింది. తొమ్మిదింటికి పరీక్ష గంట కొట్టాల్సింది ఆమే. ఇల్లు బడి వెనక సందులోనే. గంట మోత మంచం దాకా వెళ్తుంది.

మెల్లగా ఒక దెబ్బ వేసింది.

"గట్టిగా కొట్టు ఆయమ్మా, అందరికీ వినబడాలి," అంది పెద్దమేడం.

ఆయమ్మ గట్టిగా కొట్టింది.